ఆఫర్ లెటర్‌లో ఇంగ్లిష్ షరతు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విదేశీ యూనివర్సిటీలో ముందు కొన్ని వారాలు ఇంగ్లిష్ కోర్సు, ఆ తర్వాత అసలు కోర్సు. ఈ దారి గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం. వీసా నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి, డబ్బు కట్టే రోజున ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మరోసారి సరిచూసుకోండి.

ప్రశ్న: బీఎస్సీ అయింది. యూకేలో ఎమ్మెస్సీకి ఆఫర్ వచ్చింది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో మొత్తం 6.5 ఉండాలి, ఏ విభాగంలోనూ 6 తగ్గకూడదు అన్నారు. నాకు లిజనింగ్ 6.5, రీడింగ్ 6, స్పీకింగ్ 6, రైటింగ్ 5.5 వచ్చాయి. మళ్లీ పరీక్ష అక్కర్లేదు, అక్కడికెళ్లి ప్రీ-సెషనల్ చేస్తే చాలని కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. నమ్మొచ్చా?
*ఒక పాఠకురాలు, ఆమదాలవలస*

జవాబు: ప్రీ-సెషనల్, అంటే అసలు కోర్సుకు ముందు చేసే ఇంగ్లిష్ కోర్సు, నిజంగా ఉన్నదే అమ్మా, మోసం కాదు. అయితే "చేస్తే చాలు" అన్న మాట సరికాదు. కోర్సు చివర పరీక్ష ఉంటుంది, వ్యాసం ఉంటుంది, అందరి ముందు నిలబడి మాట్లాడాల్సిన ప్రజెంటేషన్ ఉంటుంది. అవి పాసైతేనే ఎమ్మెస్సీలో చేర్చుకుంటారు. ఫెయిలైతే కట్టిన ఫీజు, అక్కడ ఉన్నన్నాళ్ల ఖర్చు పోయినట్టే. పైగా ఎమ్మెస్సీ సీటు కూడా చేజారుతుంది. ఈ విషయం కన్సల్టెన్సీ వాళ్లు మీకు ముందే చెప్పాల్సింది.

ముందు మీ మార్కుల లెక్క చూద్దాం. నాలుగూ కలిపితే 24, సగటు 6. ఐఈఎల్‌టీఎస్‌లో సగటు చివర పావు వస్తే పై అరకు, ముప్పావు వస్తే పై అంకెకు పెంచుతారు. అంటే సగటు 6.25 వచ్చినా ఫలితంలో 6.5 అనే పడుతుంది. మీకు నాలుగూ కలిపి ఇంకా కావాల్సింది ఒక్క బ్యాండ్, అంటే ఒక పాయింటు. రైటింగ్ ఒక్కటే రాసి తెచ్చుకోవాలంటే 5.5 నుంచి 6.5కి ఎక్కాలి. కంప్యూటర్‌పై రాసినవాళ్లకు ఒక్క విభాగాన్నే, ఒక్కసారి, మొదటి పరీక్ష తర్వాత 60 రోజుల్లోపు మళ్లీ రాసే వీలుంది. కానీ రెండు నెలల్లో రైటింగ్ పూర్తి బ్యాండ్ పెరగడం చాలామందికి సాధ్యం కాదు. అంతకంటే మొత్తం పరీక్ష మళ్లీ రాసి రైటింగ్ 6కి, లిజనింగ్ 7కి తేవడం తేలిక. అప్పుడూ సగటు 6.25 అవుతుంది, ఏ విభాగమూ 6 తగ్గదు. ఒక్క విభాగం మళ్లీ రాయాలనే అనుకుంటే, ఆ ఫలితాన్ని ఒప్పుకుంటారో లేదో యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగానికి మెయిల్ రాసి అడగండి. రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ఫీజు కట్టండి.

ఇక ప్రీ-సెషనల్ వైపు. ఇవి ఎక్కువగా 6, 10, 16 వారాల కోర్సులుగా ఉంటాయి. స్కోరు ఎంత తక్కువైతే అన్ని ఎక్కువ వారాలు. సెప్టెంబరులో ఎమ్మెస్సీ మొదలైతే 10 వారాల కోర్సు జూన్, జులైలోనే మొదలవుతుంది. మే చివర్లో నిర్ణయం తీసుకుని వీసాకు పరిగెత్తేవాళ్లు సగం దారిలో ఆగిపోయేది ఇక్కడే.

రెండో చిక్కు పరీక్ష రకంతో వస్తుంది. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ వేరు, ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ వేరు. ప్రశ్నపత్రం తీరు ఒకటే, కానీ రెండోది యూకే వీసా విభాగం గుర్తించిన భద్రతా ఏర్పాట్లతో జరుగుతుంది, ఫలితపత్రం మీద యూకేవీఐ నంబరు ఉంటుంది. డిగ్రీ స్థాయి కోర్సుకు నేరుగా వెళ్తే మామూలు అకడమిక్ ఫలితాన్ని ఒప్పుకునే వీలు యూనివర్సిటీకి ఉంది. ప్రీ-సెషనల్ డిగ్రీ స్థాయి కాదు కాబట్టి చాలా యూనివర్సిటీలు దానికి యూకేవీఐ రకాన్నే అడుగుతాయి. కనీసం బీ1 స్థాయి ఉండాలి, అంటే నాలుగింటిలోనూ 4. మీ స్కోరు దానికి సరిపోతుంది. ఫలితపత్రం ఏ రకమో ఈ రోజే తీసి చూడండి. ఇంట్లో కూర్చుని రాసే డుయోలింగో లాంటివి ఆ గుర్తింపు జాబితాలో లేవు.

మూడోది క్యాస్ అనే పత్రం. యూనివర్సిటీ ఇచ్చే ఈ నంబరుతోనే వీసాకు దరఖాస్తు చేస్తారు. ప్రీ-సెషనల్ మూడు నెలలు మించకుండా, అది ముగిసిన నెలలోపే అసలు కోర్సు మొదలై, మీ ఇంగ్లిష్ బీ2 స్థాయిలో ఉందని యూనివర్సిటీ తేల్చుకుని షరతుల్లేని ఆఫర్ ఇస్తే, రెండు కోర్సులకూ కలిపి ఒకే క్యాస్ ఇవ్వొచ్చు. బీ2 అంటే నాలుగింటిలోనూ 5.5, అది మీకుంది. రెండు వేర్వేరు క్యాస్‌లు వస్తే వీసా రెండుసార్లు, ఖర్చు రెండుసార్లు. "మాది ఒకే క్యాసా, రెండా?" అన్నది మీరు యూనివర్సిటీని అడగాల్సిన మొదటి ప్రశ్న.

బ్యాంకులో చూపే డబ్బు వరుసగా 28 రోజులు ఉండాలి. ఒక్క రోజు లెక్క తగ్గినా వీసా తిరస్కరిస్తారు. చూపాల్సిన మొత్తంలో ప్రీ-సెషనల్ ఫీజు కూడా కలుస్తుందని మరిచిపోవద్దు.

మా అభిప్రాయం: మీకు రెండు మూడు నెలల వ్యవధి ఉంటే పరీక్ష మళ్లీ రాయండి. అయితే ఇంతవరకూ ఇంగ్లిష్‌లో పది పేజీల రిపోర్టు సొంతంగా రాసిన అలవాటు లేదనుకుంటే, స్కోరు వచ్చినా సరే ప్రీ-సెషనల్ చేయడం మంచిదే.

ప్రశ్న: మా గుంటని అమెరికా పంపాలి. ముందు లాంగ్వేజ్ కోర్సు మీద వెళ్తాది, అక్కడే పార్ట్‌టైం చేసుకుంటూ ఖర్చులు లాగేసుకుంటాది, తర్వాత ఎంఎస్‌లో చేరతాది అని ఏజెంటు అంటన్నాడు. పొలం మీద అప్పు తీసుకోవాలి. ఏటి చెయ్యమంటారు?
*ఒక తండ్రి, టెక్కలి*

జవాబు: పొలం కాగితాలు బ్యాంకుకి పట్టుకెళ్లకముందు ఇది చదవండి బాబూ.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద లాంగ్వేజ్ కోర్సు చదివేవాళ్లు తరగతి పాఠాలే ప్రధానమైతే వారానికి కనీసం 18 గంటలు హాజరు కావాలి. పని విషయంలో నియమం గట్టిది. క్యాంపస్ బయట పనిచేయకూడదు. క్యాంపస్ లోపల పని దొరికితే తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదు. ఇంగ్లిష్ కోర్సు చదివేవాళ్లకు ఓపీటీ, సీపీటీ అనే శిక్షణా ఉద్యోగ అవకాశాలు వర్తించవు. హోటల్లోనో పెట్రోల్ బంకులోనో దొంగచాటుగా చేస్తే వీసా హోదా పోతుంది, తర్వాత ఎంఎస్ మాట అటుంచి, మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టడమే కష్టమవుతుంది. కెనడాలో కూడా ఇంగ్లిష్ కోర్సు ఒక్కటే చదివేవాళ్లకు క్యాంపస్ బయట పనిచేసే హక్కు లేదు. యూకేలో డిగ్రీ స్థాయికి కింది కోర్సు అయితే టర్మ్ జరిగే రోజుల్లో వారానికి 10 గంటలే. కాబట్టి "ఖర్చులు లాగేసుకోవచ్చు" అన్న లెక్క మీద అప్పు చేయొద్దు. ఇంగ్లిష్ కోర్సు కాలానికి ఫీజు, తిండి, అద్దె మొత్తం చేతిలో ఉన్నాకే కదలండి.

ఏజెంటు తెచ్చే కాగితాల్లో ఐ-20 అనే ఫారం ఉంటుంది. మొదటి పేజీలో చదివే కోర్సు పేరు, స్థాయి, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. స్థాయి దగ్గర లాంగ్వేజ్ ట్రైనింగ్ అని ఉంటే అది ఇంగ్లిష్ కోర్సుకు ఇచ్చిన ఐ-20, ఎంఎస్‌కు కాదు. ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ అని విడిగా ఒక వరుస కూడా ఉంటుంది, అక్కడేం రాశారో చదివించుకోండి. ఎంఎస్ సీటు ఇస్తామని యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ స్కూల్ నుంచి వేరే లేఖ వచ్చిందా, అందులో "ఫలానా లెవెల్ పూర్తి చేస్తే" అని స్పష్టంగా ఉందా చూడండి. ఆ లేఖ లేకపోతే మీ అమ్మాయి వెళ్లేది లాంగ్వేజ్ స్కూలుకే, ఎంఎస్ గ్యారంటీ ఏమీ లేదు. వీసా ఇంటర్వ్యూలో కూడా "ఇంగ్లిష్ ఇక్కడ ఎందుకు, ఇండియాలో నేర్చుకోలేవా?" అన్న ప్రశ్న తప్పకుండా ఎదురవుతుందనుకోండి. తర్వాతి చదువు ఏమిటో కాగితం మీద చూపలేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. విదేశీ విద్యార్థి నమోదు కోసం కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా రాకపోతే తిరిగి రాదు.

అలాగే ఆ ఇంగ్లిష్ స్కూలుకు అక్రెడిటేషన్, అంటే అధికారిక గుర్తింపు ఉండాలి. విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే ఇంగ్లిష్ కోర్సులకు ఇది తప్పనిసరి అని అమెరికాలో 2010లోనే చట్టం వచ్చింది. స్కూలు పేరు అడగండి, ఏ సంస్థ గుర్తింపు ఉందో అడగండి. జవాబు దాటవేస్తే ఆ ఏజెంటుని వదిలేయండి.

ప్రశ్న: అక్కడి ఇంగ్లిష్ క్లాసులో నేర్పేది ఏమిటి? మళ్లీ టెన్సులు, యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిసేనా?
*ఇంజినీరింగ్ విద్యార్థి, రాజాం*

జవాబు: కాదు. మొదటి రోజుల్లో ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టి స్థాయిని బట్టి గ్రూపులు చేస్తారు. ఆ తర్వాత పని అంతా చదువుకు కావాల్సిన ఇంగ్లిష్ చుట్టూ తిరుగుతుంది: గంట లెక్చర్ విని నోట్స్ రాసుకోవడం, 20 పేజీల పరిశోధనా వ్యాసంలో మనకు కావాల్సిన రెండు పేరాలు పట్టుకోవడం, సెమినార్‌లో ఒకరి మాటకు అడ్డుచెప్పడం, మూడు నాలుగు మూలాల్ని కలిపి 1500, 2000 పదాల వ్యాసం రాయడం. వ్యాకరణాన్ని విడి పాఠంగా చెప్పడం తక్కువ, మీరు రాసినదానిలో తప్పులు చుట్టి ఇస్తారు. హాజరు లెక్క కఠినం.

మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది మూలాన్ని సొంత మాటల్లో రాసే దగ్గర. మన దగ్గర గైడు చూసి బట్టీపట్టి అదే వాక్యం రాస్తే మార్కులిస్తారు. అక్కడ దాన్ని దొంగతనం కింద లెక్కగడతారు. టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ మీ వ్యాసాన్ని ఇంటర్నెట్‌లోని రాతలతో, పాత విద్యార్థుల వ్యాసాలతో పోల్చి, కలిసిన వాక్యాలకు రంగు వేసి చూపిస్తుంది. మాటలు మార్చినా తప్పించుకోలేరు, ఎందుకో తెలుగులోనే చూడండి.

ఒక పుస్తకంలో ఈ వాక్యం ఉందనుకోండి: "పలాస ప్రాంతంలో జీడిపప్పు పరిశ్రమ ఎక్కువగా మహిళా కార్మికుల శ్రమపై ఆధారపడి ఉంది, పిక్క ఒలిచే పనికి కూలి రోజుకు కాక కిలోకు లెక్కగడతారు."

విద్యార్థి ఇలా రాస్తాడు: "పలాస ఏరియాలో జీడిపప్పు ఇండస్ట్రీ ఎక్కువగా ఆడ కూలీల కష్టం మీద ఆధారపడి ఉంది, పిక్క ఒలవడానికి కూలి రోజుకు కాకుండా కిలోకు ఇస్తారు." కొన్ని మాటలు మారాయి, వాక్యం అస్థిపంజరం అదే. ఇది కాపీయే.

ఇలా రాస్తే సరి: "పలాసలో జీడిపిక్క ఒలిచే మహిళల రాబడి వాళ్లు కూర్చున్న గంటల్ని బట్టి కాక ఒలిచిన బరువును బట్టి మారుతుందని ఫలానా రచయిత చూపించారు." చివర రచయిత పేరు, సంవత్సరం. ఇక్కడ విద్యార్థి తన వ్యాసానికి కావాల్సిన ముక్కను తీసుకున్నాడు, ఆ ఆలోచన ఎవరిదో చెప్పాడు.

ఈ అలవాటు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక పేరా చదవండి, పుస్తకం మూసేయండి, రెండు నిమిషాలు ఆగి, స్నేహితుడికి చెప్తున్నట్టు రాయండి. తర్వాత పుస్తకం తెరిచి రెండు విషయాలు చూడండి: అర్థం తప్పిందా, వరుసగా నాలుగైదు మాటలు యథాతథంగా వచ్చాయా. పుస్తకం ఎదురుగా తెరిచి ఉంచుకుని మాటలు మారుస్తూ పోతే ఎన్నేళ్లయినా ఈ అలవాటు రాదు.

ప్రశ్న: పదో తరగతి వరకూ తెలుగు మీడియం. రీడింగ్ ఫర్వాలేదు, లిజనింగ్ మాత్రం 5 దగ్గరే ఆగిపోయింది. రోజూ ఇంగ్లిష్ సినిమాలు చూస్తున్నా లాభం లేదు.
*ఒక పాఠకుడు, విజయనగరం*

జవాబు: సినిమా చూస్తున్నప్పుడు కింద అక్షరాలు కనిపిస్తుంటే కళ్లు చదువుతాయి, చెవులు పనిచేయవు. బొమ్మ చూసి కథ అర్థమవుతుంది, మాట అర్థమైందని అనిపిస్తుంది. అందుకే నెలలు గడిచినా స్కోరు కదలదు.

అసలు కారణం ఇంకొకటి ఉంది. తెలుగులో ప్రతి అక్షరాన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒక అక్షరాన్ని గట్టిగా నొక్కి, మిగతావాటిని మింగేస్తారు. 'షుడ్ హావ్ బీన్' అన్నది మీ చెవికి 'షుడవ్‌బిన్' అని చేరుతుంది. మూడు మాటలూ మీకు తెలుసు, కానీ ఆ రూపంలో ఎప్పుడూ వినలేదు. 'థర్టీన్', 'థర్టీ' తేడా కూడా చివరి నకారంలో కంటే నొక్కులోనే ఎక్కువగా తెలుస్తుంది.

పనికొచ్చే సాధన ఇది. రాతప్రతి ఉన్న ఒక ఆడియో తీసుకోండి, అందులో ఒక్క నిమిషం చాలు. ఒకసారి ఊరికే వినండి. రెండోసారి ఆపుతూ, వినిపించిన ప్రతి మాటా రాయండి. మూడోసారి ఖాళీలు పూరించండి. అప్పుడు రాతప్రతి పక్కన పెట్టి తప్పుల్ని మూడు గుంపులు చేయండి: అసలు తెలియని మాట, తెలిసి కూడా చెవికి ఆనని మాట, విన్నా స్పెల్లింగ్ తప్పిన మాట. రెండో గుంపే మీ జబ్బు. ఆ ముక్కల్ని ఆడియోతో పాటు అదే వేగంతో గట్టిగా పలకండి. నోరు పలకగలిగినదాన్ని చెవి పట్టుకుంటుంది. మొత్తం ముప్పావుగంట పని. రోజూ చేయాలి, ఆదివారం నాలుగు గంటలు కూర్చుంటే అదే ఫలితం రాదు.

పరీక్షలో 40 ప్రశ్నలు, ఆడియో సుమారు 30 నిమిషాలు, ఒక్కసారే వినిపిస్తారు. రెండు మాటలు మించకూడదంటే మూడోది రాసినా సున్నాయే. బహువచనం చివరి ఎస్ వదిలేసినా సున్నాయే. ఒక జవాబు తప్పిపోతే దానికోసం వెనక్కి చూడకండి, తర్వాతి రెండూ పోతాయి.

ఉచ్చారణ విషయం కూడా చెప్పాలి. యాస మార్చుకోనక్కర్లేదు. అర్థానికి అడ్డొచ్చే నాలుగు చోట్లు సరిచేసుకుంటే చాలు. 'ఎగ్'ని 'యెగ్' అని, 'ఓపెన్'ని 'వోపెన్' అని మొదట్లో యకార వకారాలు చేర్చడం ఒకటి. 'బుక్', 'టెస్ట్' చివర ఉకారం పలకడం రెండోది. 'జీరో'లో పళ్ల సందు నుంచి రావాల్సిన ధ్వనిని మామూలు జకారం చేయడం మూడోది. నాలుగోది 'బ్యాంక్', 'మ్యాప్'లో అచ్చు. ఇది మీకు కొత్త కాదు: మన వైపు 'వచ్చేడు', 'చెప్పేడు' అన్నప్పుడు నడుమ వచ్చే అచ్చును గమనించండి, దాదాపు అదే. దాన్ని కాస్త కురచ చేసి ఇంగ్లిష్ మాటలో పెట్టండి.

ప్రశ్న: రైటింగ్‌లో ఎప్పుడూ 'ఎ', 'యాన్', 'ద' తప్పులే. ఒక మాస్టారు మోడల్ వ్యాసాలు బట్టీపట్టమన్నారు. సరైన పద్ధతేనా?
*ఒక పాఠకురాలు, నరసన్నపేట*

జవాబు: బట్టీ వద్దు. పరీక్షించేవాళ్లు బట్టీ వ్యాసాన్ని గుర్తుపడతారు, ప్రశ్నకు జవాబు లేని రాతకు మార్కు తగ్గిస్తారు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌కు 60 నిమిషాలు. మొదటి టాస్క్ కనీసం 150 పదాలు, రెండోది కనీసం 250. రెండోదానికి విలువ రెట్టింపు, కాబట్టి 40 నిమిషాలు దానికే ఉంచండి. అడిగినదానికి సూటిగా చెప్పడం, వరుస, పదసంపద, వ్యాకరణం నాలుగింటికీ సమానంగా మార్కులు. వ్యాకరణం పావు వంతే, దానికోసం మిగతా ముప్పావునీ పాడుచేసుకోకండి.

తెలుగులో ఆ మూడు మాటలు లేవు కాబట్టి తప్పులు సహజం. రాసిన తర్వాత నామవాచకాల కింద గీతలు గీయండి. ఒక్కోదాన్ని అడగండి: లెక్కపెట్టగలమా? ఒకటా, ఎక్కువా? చదివేవాళ్లకు అదేదో ఇప్పటికే తెలుసా? లెక్కకొచ్చేది, ఏకవచనం అయితే ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి. చాలా తప్పులు ఈ ఒక్క సూత్రం దగ్గరే దొరుకుతాయి. లెక్కకు రాని 'ఇన్ఫర్మేషన్', 'రీసెర్చ్', 'అడ్వైస్' చివర ఎస్ పెట్టకండి.

ఇంకొకటి. మనం "వెళ్లి, చూసి, మాట్లాడి, వచ్చాం" అని ఒకే వాక్యంలో పనులన్నీ గుచ్చుతాం. ఆ అలవాటుతో ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాల్ని కామాలతో అతికిస్తారు. రెండు క్రియలు దాటితే ఫుల్‌స్టాప్ పెట్టి చూడండి. 'డిస్కస్ అబౌట్', 'రిటర్న్ బ్యాక్' లాంటివి కూడా అప్పుడే పట్టుకుని తీసేయండి.

ప్రశ్న: మా అబ్బాయి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే. పరీక్షకు ఏ పేరుతో కట్టాలి? డిగ్రీ ఇంగ్లిష్ మీడియమే కాబట్టి అసలు పరీక్ష అవసరమా?
*ఒక తల్లి, బొబ్బిలి*

జవాబు: పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే కట్టండి. పరీక్ష రోజు చూపాల్సింది ఆ పాస్‌పోర్టే. ఒకే గడిలో పేరున్న పాస్‌పోర్టుకు అమెరికా వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్ కిందకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. బ్యాంకు ఖాతా, లైసెన్సు అన్నిచోట్లా అదే వెంటాడుతుంది. టైముంటే పరీక్షకు ముందే ఇంటిపేరు పూర్తిగా వచ్చేలా పాస్‌పోర్టు రీఇష్యూ చేయించండి. కొత్త పాస్‌పోర్టుకు నంబరు మారుతుంది, కాబట్టి అది చేతికొచ్చాకే పరీక్షకు కట్టండి.

చదువు ఇంగ్లిష్‌లోనే సాగిందని కాలేజీ ఇచ్చే మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ పత్రాన్ని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఇంటర్ ఇంగ్లిష్ మార్కులు చూస్తాయి, కొన్ని రెండూ కాదంటాయి. యూనివర్సిటీ ఒప్పుకున్నా తరగతిలో ఇబ్బంది తప్పదేమో అన్న అనుమానం ఉంటే, ఒక మాక్ టెస్ట్ రాయించి స్థాయి తెలుసుకోండి.

ప్రశ్న: కోర్సులో చేరిపోయాను, వచ్చే నెల ప్రయాణం. స్కోరు వచ్చింది గానీ క్లాసులో నోరు తెరవగలనా అని భయం.
*ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం*

జవాబు: అసలు కోర్సు నడుస్తుండగా కూడా చాలా యూనివర్సిటీలు ఉచితంగా ఇంగ్లిష్ సాయం అందిస్తాయి. యూకేలో దీన్ని ఇన్-సెషనల్ అంటారు, అమెరికాలో రైటింగ్ సెంటర్ ఉంటుంది. అక్కడ మీ వ్యాసం చిత్తుప్రతి పట్టుకెళ్తే ఒక ట్యూటర్ పక్కన కూర్చుని చూస్తారు. తప్పులన్నీ దిద్ది ఇవ్వరు, ఎక్కడ అర్థం కావట్లేదో చూపిస్తారు. రెండో నెల తర్వాత రద్దీ పెరుగుతుంది కాబట్టి మొదటి వారంలోనే పేరు నమోదు చేసుకోండి.

సెమినార్‌కు ముందు రోజు ఇచ్చిన వ్యాసం చదివి రెండు ప్రశ్నలు కాగితం మీద రాసి పెట్టుకోండి. చర్చ మొదలైన పది నిమిషాల్లోపే ఒకటి అడిగేయండి. ఆలస్యమైనకొద్దీ మీరనుకున్నది వేరొకరు అనేస్తారు, భయం పెరుగుతుంది. లెక్చరర్ మాట అర్థం కాకపోతే "నాకు ఇంతవరకూ అర్థమైంది, ఇక్కడి నుంచి కాలేదు" అని చెప్పి అడగండి. ఊరికే "అర్థం కాలేదు" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు తెలియదు. ప్రొఫెసర్‌కు మెయిల్ రాసేటప్పుడు సబ్జెక్ట్ వరుసలో కోర్సు కోడ్ పెట్టండి, మూడు నాలుగు వాక్యాల్లో ముగించండి.

రూమ్ తెలుగువాళ్లతో కలిసి తీసుకోవడం తప్పు కాదు, ఖర్చు కలిసొస్తుంది, వంట కలిసొస్తుంది. గ్రూప్ ప్రాజెక్టులో మాత్రం మనవాళ్లు లేని జట్టులో చేరండి, వారానికి అయిదారు గంటలు ఇంగ్లిష్‌లో మాట్లాడక తప్పని పరిస్థితి దానంతటదే వస్తుంది.